చిత్తవైకల్యము: రోగి, ఇంటివారు, మన మూడు ఊళ్ళు

ముసలితనపు మతిమరుపునకు మన ఇండ్లలో పేర్లు లేకపోలేదు. తెలుగువారు చాదస్తమంటారు, పెద్దతనం మీద పడిందంటారు. దక్కనీ ఉర్దూ మాట్లాడే ఇండ్లలో "సఠియా గయే" అని ఒక్క మాటతో సరిపెడతారు. అరవైయవ పడిలో పడ్డారని దాని భావం. పేరు దొరికింది గనుక ఇక విచారించవలసినది లేదనుకోవడం లోకసహజం. అందువల్లనే వైద్యులు డిమెన్షియా అనీ, తెలుగు పుస్తకాలు చిత్తవైకల్యమనీ, ఉర్దూ పత్రికలు నిస్యాన్ అనీ పిలిచే ఈ వ్యాధి మన మధ్య ఏండ్ల తరబడి ఉండికూడా వ్యాధిగా గుర్తింపు పొందక గడిచిపోతున్నది.

పుంగనూరులో మేమెరిగిన ఒక ఇంటి సంగతి ముందుగా చెబుతాము. ఆ ఇంటి పెద్దాయన నలభై సంవత్సరాలు పట్టుగూళ్ళ వ్యాపారం చేసినవారు. కాగితం, కలం లేకుండా లెక్క తేల్చడంలో ఆయనకు పేరుండేది. మొదట ఒకే బాకీని రెండుసార్లు చెల్లించారు. తరువాత నమాజులో ఎన్ని రకాతులు అయినవో తెలియక పక్కవారిని అడగనారంభించారు. ఒకనాడు ఫజ్ర్ వేళ మసీదుకని బయలుదేరి, ఎప్పుడో అరవై ఏండ్ల క్రితం విడిచివచ్చిన పల్లెకు బస్సు ఏదని అడుగుతూ మధ్యాహ్నానికి బస్టాండులో దొరికారు. ఇంటివారు ఊరకుండలేదు. తావీజు కట్టించారు, బలానికని సూదులు వేయించారు, చుట్టాలలో ఒకరు చెప్పిన లేహ్యం కూడా తెప్పించారు. మెదడు పరీక్ష, రక్తపరీక్ష జరిగేసరికి రెండున్నర సంవత్సరాలు గడిచాయి. ఆ ఇంటి మనుమరాలు మా కళాశాల విద్యార్థిని. రాత్రిపూట తాత తలుపు తీసుకొని వెళ్ళిపోతారేమోనని గుమ్మానికి అడ్డంగా చాప వేసుకొని పడుకునేది ఆ అమ్మాయే. ఆమె హాజరు తగ్గడానికి కారణమేమిటని మేమడిగినది చాలా ఆలస్యంగానే అని ఒప్పుకోవలసి ఉన్నది.

మరపు అందరికీ కలదు. కళ్ళజోడు ఎక్కడ పెట్టామో మరచి వెదకుకోవడం వయస్సు లక్షణం. కళ్ళజోడు చేతిలో ఉండగా అది దేనికన్నది తెలియకపోవడం వ్యాధి లక్షణం. పెండ్లికి వచ్చినవారి పేరు తట్టకపోతే భయపడనక్కరలేదు; తాను నిత్యం వంట చేసే ఇంట్లోనే పొయ్యి వెలిగించే క్రమం తప్పితే ఆలోచింపవలసి ఉంటుంది. జ్ఞాపకం మాత్రమే గాక, మాట, దిక్కు, కాలం, తీర్పు, స్వభావం ఒకదాని వెంట ఒకటి దెబ్బతిని, నిత్యకృత్యాలకు ఆటంకం కలిగినప్పుడే దానిని డిమెన్షియా అంటారు. ఇది ఒకే రోగం కాదు, కొన్ని రోగాలకు ఉమ్మడి పేరు. అందులో పెద్దది అల్జీమర్ వ్యాధి; ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో నూటికి 60 నుండి 70 వంతులు అదే. 1906లో ఆలోయిస్ అల్జీమర్ అనే జర్మను వైద్యుడు ఒక స్త్రీ మెదడులో కనుగొన్న మార్పులను వైద్యసభలో వివరించాడు. ఆ పేరు అట్లు నిలిచింది. రక్తనాళాలు పూడి, చిన్న చిన్న పక్షవాతపు దెబ్బల వలన వచ్చేది మరొకటి. రక్తపోటు, మధుమేహం విస్తారంగా ఉన్న మన ఊళ్ళలో దీనిని తక్కువగా చూడరాదు.

ఇక్కడ ఒక విషయం నొక్కి చెప్పదలచాము. చూడటానికి డిమెన్షియావలెనే ఉండి, చికిత్సతో కుదిరే స్థితులు కొన్ని ఉన్నవి. విటమిన్ బి-12 లోపము, థైరాయిడ్ గ్రంథి మందగించుట, పడినప్పుడు తలలో మెల్లగా గూడుకట్టిన నెత్తురు, లోలోపలి దిగులు, నిద్రమాత్రల అతి వాడకం ఇట్టివి. రెండు మూడు రోజుల్లో హఠాత్తుగా మతి చెదిరితే అది తరచు మూత్రంలో చీమువలననో, జ్వరంవలననో, ఒంట్లో ఉప్పు తగ్గినందువలననో కలిగిన కలవరం. నాటికి నాడే ఆసుపత్రికి పోవలసిన స్థితి. కావున "ముసలివారికి పరీక్షలెందుకు" అన్న మాట పొరపాటు. మొదటి పరీక్ష చేసేది అల్జీమర్ ఉన్నదని నిరూపించడానికి కాదు, కుదిరే రోగమేదైనా ఉంటే జారవిడువకుండుటకు. బి-12, థైరాయిడ్ రక్తపరీక్షలు చిన్న పట్టణంలో సైతం జరుగుతున్నవి.

అల్జీమర్ అని తేలితే, దానిని మాన్పే మందు నేటికి లేదు. డోనెపెజిల్, మెమాంటిన్ అనే మందులు కొందరిలో లక్షణాలను కొంతకాలం తగ్గిస్తాయి, అంతే. అమెరికాలో 2023లో అనుమతి పొందిన లెకానెమాబ్ వంటివి తొలి దశలో వ్యాధి నడకను కొంత నెమ్మది చేస్తాయట. ఖర్చు, మెదడులో నెత్తురు చిమ్మే ప్రమాదం, మాటిమాటికి స్కానింగు ఇవన్నీ చూస్తే మన రైతుకుటుంబాలకు అవి ప్రస్తుతం వార్తలు మాత్రమే.

ఎంతమందికి ఉన్నదీ వ్యాధి? 2023లో ప్రకటింపబడిన జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో అరవై దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి కలదు. పురుషులకంటె స్త్రీలలో, పట్టణాలకంటె పల్లెలలో ఎక్కువ అని ఆ అధ్యయనమే తేల్చింది. పల్లె గాలి, పల్లె తిండి మెదడుకు కవచమని నమ్మేవారు ఈ అంకెను గమనింపదగును.

అంతకంటె మనకు దగ్గరి సంగతి మరొకటి ఉన్నది. మదనపల్లె, పుంగనూరుల పడమట సరిహద్దు దాటగానే కర్ణాటకలోని కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకా. అదీ మామిడి తోటల సీమ, అక్కడి జనం తెలుగు, కన్నడం రెండూ పలుకుతారు. పిల్లనిచ్చి పుచ్చుకొనే సంబంధాలకు సరిహద్దు అడ్డు రాలేదు. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన మెదడు పరిశోధనా కేంద్రం 2018 నుండి అక్కడి పల్లెలలో నలభై ఐదు దాటిన పదివేల మందిని చేర్చుకొని, ఏండ్ల తరబడి వారి జ్ఞాపకశక్తినీ, రక్తాన్నీ, మెదడు చిత్రాలనూ పరిశీలించే కార్యం చేపట్టింది. పల్లెవాసుల మెదడు ఎట్లు వృద్ధాప్యం పొందుతుందన్నది పాశ్చాత్యుల పుస్తకాల్లో లేదు గనుక ఇక్కడనే వెదకాలన్నది వారి ఉద్దేశం. ఆ సరిహద్దుకు ఇవతల ఉన్న మన ముసలివారి తిండి అదే, పని అదే, నీరు అదే. అక్కడ తేలినది ఇక్కడ కూడా చాలావరకు చెల్లుతుందని మేము భావిస్తున్నాము.

అదే కోలారు, దాని పక్కనున్న చిక్కబళ్ళాపురం జిల్లా ఆసుపత్రులలో 2022లో కర్ణాటక ప్రభుత్వం నిమ్హాన్స్ సహాయంతో మెదడు ఆరోగ్య చికిత్సా విభాగాలను ఆరంభించింది. పక్షవాతం, మూర్ఛ, తలనొప్పి, డిమెన్షియా ఈ నాలుగింటిని జిల్లా వైద్యులే గుర్తించి, కొరుకుడు పడనివాటిని మాత్రమే బెంగుళూరుకు పంపే ఏర్పాటు అది. కేరళ అంతకు ముందే, 2014లో, డిమెన్షియాకని ఒక రాష్ట్ర కార్యక్రమం చేపట్టి ఉన్నది. 1992లో ఆ రాష్ట్రంలోనే పుట్టిన అల్జీమర్స్ సంఘం దానికి తోడైంది. మన వైపు అట్టి ప్రత్యేక పథకాన్ని మేమింకా చూడలేదు.

అట్లని మన సీమకు వైద్యసంప్రదాయం లేకపోలేదు. క్షయకు మందే లేని కాలంలో, 1915లో, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం వెలసింది. డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ అనే డేనిష్ వైద్యుడు అక్కడ దక్షిణ భారతమంతటి నుండి వచ్చిన రోగులను చూచాడు. మాన్పలేని రోగికి సైతం మంచి గాలి, పోషణ, క్రమం, ఓర్పుగల సేవ ఇవ్వవచ్చునని నూరేండ్లకు పూర్వమే చూపిన స్థలమది. డిమెన్షియాకు నేడు కావలసినదీ దాదాపు అదే. నేటి రోగి మాత్రం ఎక్కడికి పోవాలి? మదనపల్లెలో జిల్లా ఆసుపత్రి ఉన్నది, కుప్పంలో పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఉన్నది. తిరుపతిలో స్విమ్స్, వేలూరులో సి.ఎం.సి., బెంగుళూరులో నిమ్హాన్స్ ఉన్నవి. కుప్పంవారికి బెంగుళూరు రైలు కలదు. పుంగనూరుకు రైలు లేదు. మదనపల్లె నుండి బెంగుళూరు సుమారు 120 కిలోమీటర్లు. మాటిమాటికి బస్సు దిగిపోతానని లేచే పెద్దమనిషిని అంతదూరం తీసుకొనిపోవడానికి ఇద్దరు తోడు కావాలి, ఆ ఇద్దరికీ ఆనాటి కూలి పోతుంది. ఇంటివారు రెండవసారి పోకపోవడానికి కారణం అశ్రద్ధ కాదు, ఈ లెక్కయే. గ్రామ ఆరోగ్య కేంద్రం నుండి ఇ-సంజీవని ద్వారా పెద్ద వైద్యునితో మాట్లాడే వీలును, టెలీ మానస్ వారి 14416 నంబరును వాడుకొంటే కొన్ని ప్రయాణాలైనా తప్పుతాయి. వృద్ధుల సమస్యలకు 14567 అనే మరొక నంబరు ఉన్నది. రెండూ ఉచితములే.

మన కళాశాలవంటి రెండు భాషల సంస్థవారు తప్పక తెలిసికొనదగిన పరిశోధన ఒకటి హైదరాబాదులో జరిగింది. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రకటించింది. ఒకే భాష వచ్చినవారికంటె రెండు భాషలు వచ్చినవారిలో వ్యాధి సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా బయటపడినది. చదువుకొన్నవారు సహజంగా ఎక్కువ భాషలు నేరుస్తారు గనుక ఇది చదువు ప్రభావం కాదా అన్న శంక కలుగుతుంది. అక్షరం రాని వారిలో కూడా ఆ తేడా కనబడినందువల్లనే ఈ పరిశోధనకు అంత విలువ వచ్చింది. ఇంట్లో దక్కనీ, అంగడిలో తెలుగు, సంతలో కన్నడమో అరవమో పలుకుతూ రోజంతా ఒక భాషను అణచి మరొకదాన్ని ఎత్తుకొనే మన అవ్వలు, దాదీలు బడికి పోకుండానే మెదడుకు వ్యాయామం ఇచ్చుకొంటున్నారన్నమాట. భాషలు వస్తే వ్యాధి రాదని దీనికి అర్థం కాదు. ఇతర దేశాల్లో జరిగిన కొన్ని పరిశీలనలలో ఇంత తేడా కనబడలేదని కూడా చెప్పడం ధర్మం.

కాని పరీక్షగదిలో ఇవే రెండు భాషలు చిక్కు తెచ్చిపెడతాయి. భారత వైద్య పరిశోధనా మండలి మన దేశపు రోగుల కొరకు తయారుచేయించిన జ్ఞాపక పరీక్షలు హిందీ, వంగ, తెలుగు, కన్నడ, మలయాళ భాషలలో ఉన్నవి. వాటిలో ఉర్దూ లేదు. మదనపల్లె దాదీని తెలుగులో ప్రశ్నిస్తే ఆమెకు తెలుగు రాదా అంటే వచ్చును. కాని బాల్యపు జ్ఞాపకం, లెక్క, నెలల పేర్లు ఆమెకు దక్కనీలో ఉంటాయి. వ్యాధి ముదిరేకొద్దీ చాలామందిలో పైన నేర్చినది ముందు జారిపోయి, తల్లిభాష మిగులుతుంది. ఇది ఏ నెల అని అడిగితే ఆమె షాబాన్ అనవచ్చు. ఆ ఉత్తరం సరియైనదే. పరీక్షించేవారికి ఆ మాట తెలియకపోతే ఒక మార్కు పోతుంది, అట్టివి నాలుగు పోతే లేని వ్యాధి అంటగట్టబడుతుంది. కనుక పెద్దవారి వెంట పోయే మన విద్యార్థులు ముందుగానే వైద్యునితో ఇంటి భాష ఏది, చదువు ఎంత, చెవి ఎంతవరకు వినబడును, కంటికి శుక్లం ఉన్నదా అన్నవి చెప్పవలెను. పరీక్షలకంటె మిన్నగా పనికివచ్చేది ఇంటివారు చెప్పే వృత్తాంతమే: ఏడాది క్రితం ఏమి చేయగలిగేవారు, నేడు ఏది చేయలేకున్నారు. ఒక కాగితం మీద రాసుకొని పోతే మరీ మంచిది. వేసుకొంటున్న మాత్రలన్నిటినీ సంచితో సహా పట్టుకొనిపోవలెను.

సొమ్ము సంగతి. 2024 జూలై నుండి మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు, దివ్యాంగులకు 6,000. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారి వంటి వర్గాలకు 15,000. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను పేర్కొన్నది. పార్కిన్సన్ వ్యాధి పేరు అందులో ఉన్నది, డిమెన్షియా పేరు లేదు. మానసిక అనారోగ్యం అనే శీర్షిక కిందనే ధ్రువపత్రం అడగవలసి వస్తుంది, ఆ మాట విని ఇంటివారు వెనుకకు తగ్గుతారు. "మా నాయన పిచ్చివాడు కాడు" అన్న జవాబు మేము విన్నదే. ఆ మాటలోని అభిమానాన్ని గౌరవిస్తూనే చెబుతున్నాము, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం జ్ఞాపకశక్తి తీవ్రంగా దెబ్బతినడాన్ని కూడా తన నిర్వచనంలో చేర్చుకొన్నది. అది ముద్ర కాదు, హక్కు పొందే ద్వారం. తనకు ఎట్టి చికిత్స కావలెనో, తన తరఫున ఎవరు మాట్లాడవలెనో మతి స్థిరంగా ఉన్నప్పుడే రాసి ఉంచుకొనే వీలు ఆ చట్టమే ఇచ్చింది.

ఇక వేలిముద్రల విషయం. ఆస్తి ఉన్న ఇంట ఈ వ్యాధి ప్రవేశించినప్పుడు స్టాంపు కాగితాలు కూడా వెంట ప్రవేశించడం మేము చూచాము. మతి స్థిరంగా లేని వ్యక్తి చేసిన హిబా గాని, దానపత్రం గాని చెల్లదు. ఇస్లామీయ ధర్మశాస్త్రం ప్రకారం వసీయతు సైతం ఆస్తిలో మూడవ వంతుకు మించరాదు. పోషిస్తామని మాట ఇచ్చి ఆస్తి రాయించుకొని విడిచిపెట్టినవారి విషయంలో 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఆ బదిలీని రద్దు చేయించుకొనే దారి చూపింది. పోషణ షరతు పత్రంలో స్పష్టంగా రాయించుకొనడం అవసరం. వ్యాధి తొలి దశలో, పెద్దాయనకు ఇంకా తెలివి ఉన్నప్పుడే, అందరి ఎదుట ఈ పనులు ముగించుకొన్న కుటుంబాలు తరువాత కోర్టులకు ఎక్కలేదు.

ధార్మిక విధుల గూర్చి ఒక మాట. రకాతులు మరచిపోతున్న తాతను చూచి పాపభయంతో కుమిలే ఇండ్లు మాకు తెలియును. బుద్ధి స్థిరంగా లేనివానిపై విధి లేదన్నది ఫిఖహ్‌లో స్థిరపడిన విషయమే. సందేహమున్నవారు ఉలమాలను అడిగి నెమ్మది పొందవచ్చును. అయినా ఆయన జానమాజుపై కూర్చొని తస్బీహ్ తిప్పుతానంటే అడ్డు చెప్పనేల? చేతులకు అలవాటైన పని బుద్ధి మరచినా చేతులు మరువవు. నీరుగట్టువారిపల్లెలో మగ్గం నేసిన ముసలాయన కొడుకు పేరు చెప్పలేకపోవచ్చును గాని పట్టుపోగు ముడి వేయగలడు. చింతపండు గింజ తీయడం, బియ్యంలో రాళ్ళు ఏరడం, పూలు కట్టడం వంటి పని చేతికిస్తే సాయంకాలపు అలజడి చాలా తగ్గుతుంది. పొద్దు గూకే వేళ ఈ రోగులలో కలవరం పెరుగుతుంది; దీపం ముందుగా వెలిగించాలి. చనిపోయిన తమ్ముడు ఎక్కడ అని అడిగితే ప్రతిసారీ చనిపోయాడని చెప్పి ప్రతిసారీ కొత్తగా ఏడిపించనక్కరలేదు; ఆ తమ్ముని గూర్చి రెండు మాటలు అడిగితే చాలును. జేబులో పేరు, వీధి, ఇంటివారి ఫోను నంబరు రాసిన చీటీ ఉంచవలెను. వాదించరాదు. గదిలో పెట్టి గొళ్ళెం వేయడం అంతకంటె తగదు.

ఈ సేవ అంతా చేస్తున్నది ఎవరు? కోడళ్ళు, కూతుళ్ళు, మనుమరాండ్రు. వారికి జీతం లేదు, సెలవు లేదు, నిద్ర లేదు. రోగికి మందు రాసే వైద్యుడు వారి రక్తపోటు చూడడు. గోవాలో డాక్టర్ అమిత్ డయాస్ తదితరులు 81 కుటుంబాలపై జరిపి 2008లో ప్రకటించిన ప్రయోగం ఈ విషయమై ఆశ కలిగిస్తున్నది. వైద్యులు కాని స్థానికులకే కొంత శిక్షణ ఇచ్చి, ఆరు మాసాలపాటు ఇంటింటికి పంపారు. వారు చేసినది వ్యాధిని గూర్చి వివరించడం, రోగి అలజడిని ఎట్లు నిభాయించాలో చెప్పడం, ప్రభుత్వ సహాయాలకు దారి చూపడం, ఇంటివారి మొర వినడం. అవసరమైనచోట వైద్యుని సంప్రదించడం. సేవచేసే వారి మానసిక క్షోభ స్పష్టంగా తగ్గింది. పెద్ద భవనాలు అందుకు కావలసి రాలేదు.

మా కళాశాల జాతీయ సేవా పథకం విద్యార్థులు తెలుగు, ఉర్దూ రెండూ పలుకుతారు. ఏ ఇంటికి పోయినా ఆ ఇంటి భాషలో మాట్లాడగలరు. శిక్షణ ఇవ్వగల మానసిక వైద్యులను ఆసుపత్రుల నుండి నెలకొకసారి రప్పించడం కమిటీవారికి అసాధ్యం కాదని మా విన్నపం. వ్యాధిని ఆపలేకపోయినా ముప్పు తగ్గించే మార్గాలను కూడా వారు ఇంటింటా చెప్పవచ్చును: 2024లో లాన్సెట్ సంఘం రక్తపోటు, మధుమేహం, పొగాకు, చెవుడు, చూపు మందగించుట, ఒంటరితనం, చదువులేమి మొదలైన పద్నాలుగు కారణాలను సరిచేస్తే సుమారు నూటికి 45 కేసులు నివారింపవచ్చును లేదా ఆలస్యం చేయవచ్చునని తేల్చింది. ఆడపిల్లను బడి మాన్పించడం కూడా ఆ పద్నాలుగింటిలోకి వస్తుందని గ్రహింపవలెను. తాతకు కాపలా ఉండటానికని మనుమరాలి చదువు ఆపిన ఇల్లు, యాభై ఏండ్ల తరువాతి రోగిని తయారుచేసుకొంటున్నదేమో.

రెండు కోరికలు కమిటీవారి ముందు ఉంచుతున్నాము. ఇంటిలో ఇట్టి రోగి ఉన్నట్లు వైద్యుని పత్రం తెచ్చిన విద్యార్థినీ విద్యార్థులకు హాజరులో సడలింపు కొరకు విశ్వవిద్యాలయానికి సిఫారసు చేయవలెను. రెండవది, నెలలో ఒక ఆదివారం గ్రంథాలయం పక్కనున్న గదిని ఈ కుటుంబాలకు విడిచి ఇవ్వవలెను. వారు కూర్చొని మాట్లాడుకొనే రెండు గంటలు పెద్దవారిని వరండాలో విద్యార్థులు చూచుకొంటారు. పుంగనూరు మనుమరాలు, ఆమెతో పాటు మరి ఆరుగురు తమ పేర్లు ఇప్పటికే ఇచ్చి ఉన్నారు. ఆదివారం కాపలాదారు రాడు గనుక గది తాళంచెవి ఎవరి వద్ద ఉండవలెనో కమిటీవారు తేల్చవలసి ఉన్నది.